తేగల పిండికి ధర కట్టిన నలభై ఎనిమిది డబ్బాలు

2023 జనవరి నెలాఖరు. అమలాపురం బస్టాండుకి దగ్గర్లో, కుట్టుమిషన్ల సామాన్లమ్మే కొట్టు పై అంతస్తులో నా ఆఫీసు. బోర్డు మీద 'మార్కెట్ రీసెర్చ్ - సర్వేలు' అని రాయించాను. దాంతో మెట్లెక్కి వచ్చేవాళ్ళలో సగంమంది పొలం గట్ల తగాదాలు పట్టుకొచ్చేవాళ్ళు. ఈ సర్వే గొలుసు పట్టుకుని పొలం కొలిచే సర్వే కాదని చెప్పి, మంచినీళ్ళిచ్చి పంపించడం నా దినచర్యలో భాగమైపోయింది.

నా పని ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. ఒక కొత్త సరుకు బజారులోకి రాకముందే దాన్ని ఎవరు కొంటారు, ఎందుకు కొంటారు, ఎంతకైతే కొంటారు అన్నవి జనాన్ని అడిగి తెలుసుకుని, ఆ సరుకు చేసేవాళ్ళకి చెప్పడం. హైదరాబాదులో ఒక ఏజెన్సీలో పద్నాలుగేళ్ళు ఈ పనే చేశాను. బిస్కట్లకి, వంటనూనెకి, దోమల మందుకి ధరలు కట్టాను. తర్వాత సొంత కుంపటి పెట్టుకుందామని పుట్టిన చోటికే వచ్చాను. మాది రాజోలు. నా పనిలో నాకు తిరుగు లేదన్న ధీమా అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఆ ధీమాకి గట్టిగా తగిలిన దెబ్బ ఒక్కటే. అది మా సొంత ఊళ్ళలోనే తగిలింది.

ఆ రోజు మెట్లెక్కి వచ్చినావిడ పేరు సత్యవేణి. నలభై ఏళ్ళుంటాయి. రాజోలు పక్క పల్లెటూరు. కువైట్‌లో ఒకరింట్లో పదకొండేళ్ళు వంట చేసి, కిందటి వానాకాలం ఇంటికి వచ్చారు. కుర్చీలో కూర్చోకుండానే సంచీలోంచి ఒక సీసా తీసి, "వేణ్ణీళ్ళున్నాయాండి?" అని అడిగారు. టీ కాచుకునే కెటిల్ చూపించాను. రెండు చెంచాల పిండి గ్లాసులో వేసి, వేణ్ణీళ్ళు పోసి, తెచ్చుకున్న ఉప్పూ మజ్జిగా కలిపి నా చేతికిచ్చారు.

మొదటి గుక్క కొంచెం చేదు. రెండో గుక్కకి కాల్చిన తేగ వాసన. మూడో గుక్కకి గ్లాసు ఖాళీ.

"తేగల పిండండి. ఉడకబెట్టి, తొక్క తీసి, మద్దెలో చందమామ, అదేనండి లేతాకు, తీసేసి, నార దులిపి, ఎండేసి మర పట్టించేను. డ్రయ్యరు కొన్నాను, పిండి మిషను కొన్నాను. లేబరేటరీలో పరీక్ష కూడా చేయించేనండి. పీచు బాగా ఉందని రాసిచ్చేరు" అని ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టారు.

"మరి నా దగ్గరికెందుకొచ్చారు?"

"రేటు చెప్పండి చాలు."

"మీరెంత అనుకుంటున్నారు?"

"పావుకిలో తొంభై అనుకుంటున్నానండి. తేగలే గదండి, ఇంకెంత పెడతాం."

ఖర్చులు అడిగాను. ఆవిడ చెప్పిన లెక్క ప్రకారం, కొట్టువాడి కమీషను పోతే తొంభైలో చేతికి మిగిలేది చిల్లరే. ఆ మాట అంటే తలూపారు. ఆవిడకీ తెలుసు. అసలు సంగతి తర్వాత చెప్పారు. కువైట్‌లో పనిచేసిన ఇంటి యజమానురాలు మళ్ళీ రమ్మంటోంది. రంజాన్ నెలలో వంట ఎక్కువ కాబట్టి ఆలోపే వచ్చెయ్యమంటోంది. వీసా ఏజెంటు దగ్గర సిద్ధంగా ఉంది. ఈ పిండి నిలబడితే ఇక్కడే ఉంటారు. లేదంటే మిషన్లు అమ్మేసి విమానం ఎక్కుతారు.

"మా అమ్మాయి పదో తరగతండి. మా చెల్లి దగ్గర పెరిగింది. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో ఇప్పటికీ నేను దాన్ని అడగాలండి" అన్నారు. ఏడుస్తూ చెప్పలేదు. డ్రయ్యరు గురించి చెప్పినట్టే చెప్పారు.

"మూడు వారాలు టైమివ్వండి. ఎంతకమ్మాలో రూపాయి తేడా లేకుండా చెబుతాను" అన్నాను. అన్న మాటకి ఇప్పటికీ సిగ్గుపడుతూ ఉంటాను.

పని మొదలెట్టాం. రాజోలు, కొత్తపేట, మురమళ్ళ చుట్టుపక్కల నలభై ఎనిమిది ఇళ్ళు ఎంచుకున్నాను. మా భాషలో దీన్ని శాంపిల్ అంటాం. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూడటం లాంటిదే. పిల్లలున్న ఇళ్ళు, పెద్దవాళ్ళున్న ఇళ్ళు, ఉద్యోగస్తులు, రైతులు, అందరూ సమానంగా వచ్చేలా చూసుకున్నాను. పిండి ఎవరు చేశారో చెప్పకూడదు గనక సత్యవేణి గారిని రావద్దన్నాను. ప్రతి ఇంటికీ పావుకిలో పిండిని మూత బిగుతుగా ఉన్న తెల్ల డబ్బాలో పోసి ఇచ్చాం. వారం రోజులు వాడుకోమన్నాం. దీన్ని ప్లేస్‌మెంట్ అంటారు. వారం తర్వాత డబ్బా తిరిగి తీసుకుని, మిగిలిన పిండిని తూకం వేస్తాం. నోరు అబద్ధం చెప్పినా తక్కెడ చెప్పదు. అందుకే తక్కెడ.

డబ్బా ఇచ్చిన రోజునే జావ కాచి రుచి చూపించి, ధర గురించి నాలుగు ప్రశ్నలు వేశాం. ఎంతకిస్తే మరీ చవక, ఇందులో ఏదో మోసముంది అనిపిస్తుంది? ఎంతకిస్తే బేరం బాగుంది అనిపిస్తుంది? ఎంతైతే ప్రియమే గానీ కొనొచ్చు అనిపిస్తుంది? ఎంతైతే అసలు వద్దు అనిపిస్తుంది? వచ్చిన జవాబులన్నీ గీతలుగా గీస్తే, అవి కలిసిన చోట ధర దొరుకుతుంది. దీన్ని ప్రైస్ సెన్సిటివిటీ అంటారు. ధర పెరుగుతుంటే మనిషి ఎక్కడ వెనక్కి తగ్గుతాడో చూడటమన్నమాట. హైదరాబాదులో ఈ నాలుగు ప్రశ్నలు నన్ను ఏనాడూ మోసం చెయ్యలేదు.

మా ఊళ్ళలో సర్వే అంటే ఒక వైభోగం. గేటు తీస్తూనే, "రండి రండి, ఎండలో వచ్చేరు" అని కుర్చీ వేస్తారు. మంచినీళ్ళు, ఆ వెనకాల కాఫీ, కాఫీతో పాటు ఏదో ఒకటి. ఆ తర్వాతే ప్రశ్నలు. మురమళ్ళలో ఒక ఇల్లాలు జావ తాగి, కళ్ళు మూసుకుని, "ఎంత బాగుందండి" అంది. ఎంతైతే ప్రియం అనిపిస్తుందని అడిగితే, "ఆరోగ్యం కంటే ఎక్కువేంటండి, మూడొందలైనా పెట్టొచ్చు" అంది. కొత్తపేటలో ఇంకొకాయన, "మీరెంతంటే అంతేనండి, ఆయ్" అని సంతకం పెట్టేశాడు. ఏ ఇంట్లోనూ వంద లోపు మాట రాలేదు. గీతలు గీస్తే రెండొందల యాభై దగ్గర ముడిపడ్డాయి. నాకు గాల్లో తేలినట్టుంది.

మా పనిలో ఒక నియమం ఉంది. సర్వే ముగిసేదాకా క్లయింటుకి, అంటే పని అప్పజెప్పినవాళ్ళకి, అంకె చెప్పకూడదు. సత్యవేణి గారు రోజూ ఫోన్ చేసేవారు. ఏజెంటు తొందరపెడుతున్నాడని చెప్పి, "ఏమైనా తెలిసిందాండి?" అని అడిగి పెట్టేసేవారు. నాలుగో ఫోనుకి ఆగలేకపోయాను. "రెండొందల యాభైకి తగ్గదండి. నిశ్చింతగా ఉండండి" అన్నాను. "ఆయ్" అని ఒక్కటే అన్నారు.

వారం తిరిగింది. తక్కెడ పట్టుకుని మురమళ్ళ బయల్దేరాను. మొదటి ఇంట్లో డబ్బా శుభ్రంగా తోమి, ఎండబెట్టి, చేతికిచ్చారు. బరువుగానే ఉంది. పెద్దగా వాడలేదు కాబోలనుకుని మూత తీస్తే లోపల జంతికలు.

"మిగిలిన పిండి ఏదండీ?"

"అయ్యో, మీరిచ్చింది మీకే తిరిగిస్తామాండి? తప్పు గదూ. ఖాళీ డబ్బా కూడా ఇవ్వకూడదని..."

రెండో ఇంట్లో చిటికెడు పంచదార. మూడో ఇంట్లో బియ్యం. నాలుగో ఇంట్లో నాలుగు అరటిపళ్ళు మడిచి కుక్కారు. ఊళ్ళు మారినా కథ మారలేదు. పసుపు కొమ్ములు, ఉసిరికాయ పచ్చడి, కొబ్బరి లౌజు. ఒక డబ్బా మూత తీయకుండానే తెలిసిపోయింది, ఎండు రొయ్యలు. షుగరున్నాయన ఇంటి నుంచి ఆత్రేయపురం చుట్టాలు తెచ్చిన పూతరేకులు రెండు. మిగిలిన పిండి పంపమని కాగితం మీద రాసి, చదివి వినిపించి, రెండుసార్లు చెప్పి వచ్చాను. అందరూ "అలాగేనండి" అన్నారు. తీరా ఒక్క డబ్బాలోనూ ఒక్క చెంచా పిండి లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక తక్కెడని ఆటోలో విసిరికొట్టాను.

కోపం నిజానికి నా మీద. పక్కింటి గిన్నె మా అమ్మ ఎప్పుడైనా ఖాళీగా పంపిందా? బడికి టైమవుతున్నా సరే, నాలుగు కరివేపాకు రెబ్బలైనా వేసి గానీ ఇచ్చేది కాదు. ఆవిడ కూతుర్ని నేను. రాజోలులో పుట్టి, డబ్బా ఇస్తే అందులో మిగిలింది పెట్టి తిరిగిస్తారని ఎలా అనుకున్నాను? హైదరాబాదు ఫారం తెచ్చి ఇక్కడ పరిచాను, అంతే.

అక్కడితో అయితే తూకం పోయిందని ఊరుకునేదాన్ని. మూడొందలైనా పెట్టొచ్చన్న ఇల్లాలి ఇంట్లో కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాను. అక్కడ దూడ కుడితి తాగుతోంది. గోలెం అంచున పసుపుపచ్చగా మా పిండి. వాసనలో తేడా లేదు. నేను చూడటం ఆవిడ చూసింది. పాపం, మొహం చిన్నబోయింది.

"పిల్లలు చేదన్నారండి. పారేస్తే పాపమని..." అంది.

"మరి మూడొందలన్నారు?"

"ఇంటికొచ్చి అడుగుతుంటే, మీ సరుకు ముప్పై రూపాయలని మొహం మీద ఎలా అంటామండి?"

దీన్ని మా పుస్తకాల్లో కర్టసీ బయాస్ అంటారు. అంటే మర్యాద కోసం చెప్పే జవాబు. దాని మీద నేను ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్ళకి పాఠాలు కూడా చెప్పాను. ఆ పాఠం ఆ పెరట్లో నిలబడ్డప్పుడు గానీ నాకు గుర్తు రాలేదు. రెండొందల యాభై అన్న అంకె మొత్తం కాఫీతో పాటు ఇచ్చిన మర్యాదే.

ఆటోలోంచే సత్యవేణి గారికి ఫోన్ చేశాను. ఏజెంటుకి ఏమీ చెప్పొద్దు, ఒక వారం ఆగమన్నాను.

"మొన్నే చెప్పేసేనండి, వీసా వద్దని. మీరు నిశ్చింతగా ఉండమన్నారు గదండి" అన్నారు.

మర్నాడు పొద్దున్న ఆవిడ ఆఫీసుకి వచ్చేసరికి నలభై ఎనిమిది డబ్బాలూ నేల మీద బారుగా పెట్టి ఉన్నాయి. తప్పు ఒప్పుకోవడం నాకు చేతనైన విద్య కాదు. అయినా డొంకతిరుగుడు లేకుండా చెప్పేశాను. "నేను చెప్పిన ధర తప్పండి. వాళ్ళు మర్యాదకి చెప్పిన మాటని నేను ధర అనుకున్నాను. మీకు ముందే చెప్పడం ఇంకా పెద్ద తప్పు. ఫీజు వద్దు. మళ్ళీ మొదట్నుంచి నా ఖర్చుతో చేస్తాను."

ఆవిడ తిడతారని సిద్ధంగా ఉన్నాను. తిడితే బాగుండేది. ఆవిడ చీర కుచ్చిళ్ళు సర్దుకుని నేల మీద కూర్చుని, ఒక్కో డబ్బా మూత తీసి చూడటం మొదలెట్టారు.

"ఇదేంటండి, పంచదార? ఇది ఖాళీగా ఇవ్వకూడదని వేసింది. ఇదీ అంతే. ఈ బియ్యమూ అంతే." వాటిని ఒక పక్కకి జరిపారు. కొబ్బరి లౌజు డబ్బా చేతిలో పట్టుకుని ఆగారు. "ఇది మాత్రం పని గట్టుకుని చేసిందండి. కాయ కొట్టి, కోరి, పాకం పట్టి. ఊరికే ఇంత చెయ్యరు. మళ్ళీ ఎప్పుడొత్తారా అని చూసేవాళ్ళు చేత్తారు." నెయ్యి ఉన్న డబ్బా, సున్నుండల డబ్బా, పూతరేకుల డబ్బా దాని పక్కన పెట్టారు.

పద్నాలుగేళ్ళ అనుభవం ఉన్నదాన్ని, నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. నా లెక్క చెడగొట్టిన చెత్త అనుకున్నదాన్ని ఆవిడ జవాబు పత్రాల్లా దిద్దుతున్నారు.

అలా పద్దెనిమిది డబ్బాలు ఒక పక్కకి చేరాయి. ఆ ఇళ్ళ ఫారాలు తీసి చూశాను. దాదాపు అన్నిటిలోనూ షుగరున్న పెద్దవాళ్ళు ఎవరో ఒకరున్నారు. పంచదార చిటికెడు వేసినవి ఎక్కువగా చిన్నపిల్లలున్న ఇళ్ళు. మేము పిండిని ఇంటిల్లిపాదికీ ఆరోగ్యమని చూపించాం. కావలసింది మాత్రం రాత్రి అన్నం మానెయ్యమని డాక్టరు చెప్పినవాళ్ళకి. ఒక సరుకుని కొనే జనంలో ఇలా విడిపోయే గుంపుని సెగ్మెంట్ అంటారు. ఆ సెగ్మెంట్ నా నాలుగు ప్రశ్నలకి దొరకలేదు, ఆవిడ చేతికి దొరికింది.

అయినా నాకు నమ్మకం చాలలేదు. సున్నుండలు ప్రేమని చెప్పొచ్చు, ధర చెప్పవు. ధర తెలియాలంటే అమ్మి చూడాలి. అది కూడా ఎలా అమ్మాలో నేను అప్పటికి ఆలోచించి పెట్టుకున్నాను. మా ఊళ్ళలో గుమ్మం లోపల కూర్చున్న మనిషి చుట్టం. గేటు బయట నిలబడ్డ మనిషి అమ్మకానికొచ్చిన మనిషి. చుట్టంతో బేరమాడరు. అమ్మకానికొచ్చిన మనిషిని వదిలిపెట్టరు. చేపలమ్మితో రెండు రూపాయల కోసం అరగంట వాదించే ఇల్లాళ్ళే నాకు మూడొందలన్నారు.

"మీరే అమ్మండి. మీరెవరో వాళ్ళకి తెలీదు. లోపలికి రమ్మంటే వెళ్ళొద్దు. మంచినీళ్ళిచ్చినా తాగొద్దు. గేటు బయటే" అన్నాను.

"నీళ్ళు కూడా వద్దాండి?"

"నీళ్ళు తాగితే ధర పెరిగిపోతుంది."

ఆవిడ మొదటిసారి నవ్వారు.

ఆవిడ మళ్ళీ ఏజెంటుని అడిగితే, వీసా ఇంకా వెనక్కి పంపలేదని, ఆదివారం దాకా ఆపుతానని అన్నాడు. మాకు ఐదు రోజులున్నాయి. ఏ ఇంటికి ఏ ధర చెప్పాలో చీటీలు తీశాం. కొన్నిటికి రెండొందల యాభై, కొన్నిటికి రెండొందలు, కొన్నిటికి నూట యాభై. సత్యవేణి గారు గంపతో గేటు దగ్గర, నేను వీధి చివర ఆటోలో, ఫోను చెవి దగ్గర పెట్టుకుని. గంపలో ఆవిడ ఫోను ఆన్ చేసి ఉంచారు.

మురమళ్ళ ఇల్లాలి గొంతు నాకు బాగా గుర్తు. "తేగల పిండికి రెండొందల యాభయ్యా? మా చేలో పాతరేసినవి తినేవాళ్ళు లేక ఎండిపోతన్నాయి. ఎనభైకిస్తే ఇవ్వు, లేకపోతే లేదు" అంది. నేను ఆటోలో కూర్చుని హాయిగా నవ్వుకున్నాను. నెల రోజుల్లో నాకు వినిపించిన మొదటి నిజం అది.

పంచదార ఇళ్ళవాళ్ళు ఏ ధరకీ కొనలేదు. లౌజు, సున్నుండల ఇళ్ళవాళ్ళు ఆగారు, అడిగారు, కానీ వాళ్ళు కూడా రెండొందలు దాటితే, "రేపు చూద్దామండి" అన్నారు. ఆ మాటకి మా దగ్గర అర్థం వద్దనే. నాకు దిగులు మొదలైంది. నూట యాభైకి కొన్నవాళ్ళు కూడా ఒక పట్టాన తేల్చలేదు. ప్రతివాళ్ళూ రోడ్డు పక్కన అమ్మే తేగల కట్ట ధరతో పోల్చి చూస్తున్నారు.

మూడో రోజు కొత్తపేటలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టారు కర్ర పట్టుకుని గేటు దాకా వచ్చారు. సున్నుండలు పంపిన ఇల్లు. వాళ్ళ చీటీ రెండొందల యాభై.

"పావుకిలో రెండొందల యాభై నేనివ్వనమ్మా" అన్నారు. వెంటనే, "పూటకెంత వెయ్యాలి ఇది?" అని అడిగారు.

"రెండు చెంచాలండి. ఇరవై గ్రాములు."

"కిలో లెక్క నాకెందుకు? నేను రాత్రి అన్నం మానేసేను. దాని బదులు ఇది. హోటల్నుంచి ఇడ్లీ తెప్పించుకుంటే ముప్పై. పూటకి పది రూపాయలు పడేలా చేసి తీసుకురా, నెలనెలా తీసుకుంటాను. నాకే కాదు, సాయంత్రం నడకకొచ్చే మావాళ్ళకీ చెబుతాను."

ఫోనులో ఆ మాట వినగానే ఆటో దిగి రోడ్డు మీద నిలబడిపోయాను. తేగలతో పోలిస్తే మా పిండి ఎప్పటికీ ప్రియమే. రాత్రి భోజనంతో పోలిస్తే చవక. పావుకిలో అని అమ్మినంతకాలం జనం తేగల కట్టనే గుర్తు చేసుకుంటారు. పదిహేను పూటలు అని అమ్మితే అన్నం పళ్ళెం గుర్తొస్తుంది. ధర మార్చక్కర్లేదని కాదు, ధరని దేని పక్కన నిలబెడుతున్నామో ముందు అది మార్చాలి.

మిగిలిన రెండు రోజులూ పద్దెనిమిది ఇళ్ళకే మళ్ళీ వెళ్ళాం. మూడొందల గ్రాముల పొట్లం, మీద చేత్తో రాసిన కాగితం: 'పదిహేను రాత్రులకి. నూట యాభై'. పన్నెండు ఇళ్ళవాళ్ళు డబ్బులు తెచ్చి చేతిలో పెట్టారు. అందులో నలుగురు రెండేసి తీసుకున్నారు. ఒక కోడలు, "మా మావయ్య గారికి అయిపోయేలోపు తెత్తారు గదా" అని ఫోను నంబరు రాసుకుంది. కొట్టువాడి కమీషను తీసినా ఆ ధరకి సత్యవేణి గారికి మిగులుతుంది. జొన్నాడ దగ్గర హైవే మీద కార్లవాళ్ళకి ఎక్కువ ధరకి అమ్మొచ్చని మధ్యలో ఎవరో సలహా ఇచ్చారు. నేను వద్దన్నాను. దారిన పోయేవాడు ఒక్కసారే కొంటాడు, హెడ్మాస్టారు నెలనెలా కొంటారు.

శనివారం మధ్యాహ్నం ఆఫీసులో కాగితాలన్నీ ఆవిడ ముందు పెట్టి, గీతలు చూపించి, ఎన్ని ఇళ్ళకి ఎన్ని పొట్లాలు పోవచ్చో అంచనా చెప్పడం మొదలెట్టాను. ఆవిడ సగంలో ఆపారు.

"మేడమ్ గారండి, ఇయ్యన్నీ నాకెందుకండి. నేను ఉండాలా, వెళ్ళాలా? అది చెప్పండి."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎవరూ నన్ను అలా అడగలేదు. పెద్ద కంపెనీలవాళ్ళు నా రిపోర్టు చదివి, నచ్చితే వాడుకునేవారు, నచ్చకపోతే పక్కన పెట్టేవారు. నా అంచనా తప్పితే ఒక బిస్కట్ రంగు మారేది, అంతే. ఇక్కడ నా అంచనా తప్పితే ఒక మనిషి సముద్రం దాటి పోయి వేరే ఇంట్లో రొట్టెలు కాలుస్తుంది. భయం వేసింది. కిందటిసారి నిశ్చింతగా ఉండండి అన్నది నేనే కదా.

అందుకే ఈసారి ఉండండి అని అనలేదు. "నేను చెప్పను. ఈ ఐదు రోజులూ గేటు దగ్గర నిలబడింది మీరు. కొన్నవాళ్ళ మొహాలూ, తలుపేసినవాళ్ళ మొహాలూ చూసింది మీరు. నాకు ఫోనులో మాటలే వినిపించాయి. మీకేమనిపిస్తోంది?" అన్నాను.

ఆవిడ కాగితాలన్నీ ఒక దొంతిగా సర్ది నా వైపు జరిపారు. కింద కొట్టులో ఎవరో కుట్టుమిషను తొక్కి చూసుకుంటున్నారు. "ఒక్క ఏడు చూత్తానండి" అన్నారు చివరికి. ధైర్యంగా అన్నారని చెప్పను. మెల్లిగా, తనలో తను అనుకున్నట్టు అన్నారు.

ఆ తర్వాత నా పని తీరు మారింది. ధర గురించిన ప్రశ్న ఇప్పుడు నేను ఎవరి ఇంట్లోనూ కూర్చుని అడగను. గేటు బయటే అడుగుతాను, అది కూడా సరుకు చేతిలో పట్టుకుని, చిల్లర సిద్ధంగా పెట్టుకుని. జనం అబద్ధాలాడతారని నేననను. మనం ఎక్కడ నిలబడి అడుగుతున్నామో దానికి తగ్గ జవాబు ఇస్తారు. ఎక్కడ నిలబడాలో తెలుసుకోవడమే సర్వే. ఇంకొకటి, క్లయింటుని ఫీల్డుకి తీసుకెళ్ళకూడదన్న పాత నియమాన్ని సగానికి కోసేశాను. మొదట్లో తీసుకెళ్ళను. ఆఖర్న మాత్రం తప్పకుండా తీసుకెళతాను, అమ్మించి చూపిస్తాను. నా రిపోర్టు వాళ్ళ అలమారాలో ఉంటే నాకేం లాభం? కొనేవాడి మొహం వాళ్ళ కళ్ళల్లో ఉండాలి.

ఏడాది తిరిగి మళ్ళీ రంజాన్ దగ్గరపడుతుండగా సత్యవేణి గారు ఫోన్ చేశారు. వెనకాల పిండి మిషను చప్పుడు.

"కువైట్ నుంచి మళ్ళీ వీసా వచ్చిందండి. ఈసారి జీతం పెంచేరంట."

నా పైప్రాణాలు పైనే పోయాయి. "మరేం చెప్పారు?"

"వద్దన్నానండి."

"ఆలోచించుకున్నారా? కావాలంటే నేనొకసారి లెక్కలు చూసి..."

"అక్కర్లేదండి. అప్పుడు మీరు నిశ్చింతగా ఉండమన్నారని వద్దన్నాను. ఇప్పుడు నాకు తెలిసే వద్దన్నాను" అన్నారు. తర్వాత మిషను చప్పుడులో కూతురితో ఏదో చెబుతూ ఫోను పెట్టేశారు.